పైడయ్య పథ్యం

పూండి వైద్య శిబిరం నుంచి ఇంటికొచ్చి, "ఫాస్టింగు నూట నలభై" అన్నాడు పైడయ్య. నీలమ్మకు ఫస్టు అని వినబడింది. జన్మలో ఒక్కసారైనా ఫస్టు వచ్చాడు, అదీ వందకు నూట నలభై తెచ్చుకున్నాడని మురిసిపోయి, మర్నాడు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తూ అందరికీ చెప్పేసింది.

ఫస్టు కాదు, అది పరగడుపు షుగరని పక్కామె విడమర్చాక, ఆ సంతోషం జీడిపిక్క చమురు పడ్డట్టు చురుక్కుమంది.

శిబిరంలో మొగుడూ పెళ్లాలిద్దరూ రక్తం ఇచ్చారు. ఆమె షిఫ్టుకు పరుగెత్తింది. ఫలితం కోసం ఆయన ఉండిపోయాడు. ఆమెది బాగుందట. ఆయనదే బాగులేదట. మాత్రలు అప్పుడే వద్దు, తిండీ నడకా మార్చి చూడమన్నారట డాక్టరు.

నీలమ్మ అన్నకు షుగరుతోనే కాలు తీసేశారు. ఆ కాలు గుర్తొచ్చి ఆమె కాలం వృథా చెయ్యలేదు. పంచదార పక్కింటికి పంచేసింది. పొద్దున చోడిపిండి అంబలి, మధ్యాహ్నం గుప్పెడన్నం, బుట్టెడు కూర, రాత్రి చోడి రొట్టె. వీధిలోకి పనసపండు వస్తే తలుపేసేసింది. తీపి కబురు తెచ్చానన్నవాణ్ణి గుమ్మంలోనే చెప్పి పొమ్మంది.

రెండు వంటలన్న మాట ఆ ఇంట్లో ఏనాడూ లేదు. మొగుడు తిన్నాక గిన్నెలో ఉన్నదే ఆమెకు భోజనం.

పైడయ్య మాత్రం రోగి కాదు, రాగి చెంబు. ఎంత తోమినా మొండిగా మొదటికే వస్తాడు. కాకరరసం సగం నువ్వు తాగితేనే మిగతా సగం నాను తాగుతానన్నాడు. తాగింది. ఒక్కణ్ణీ నడిస్తే కుక్కలు తరుముతున్నాయన్నాడు. కర్ర పట్టుకుని, కొబ్బరితోటల వెంట రోజూ తోడు నడిచింది. ఆయనది నడక, ఆమెది నడిపించే నడవడిక.

ఇంత చేస్తే, మళ్లీ శిబిరానికి ముందురోజు కాశీబుగ్గలో మిఠాయికొట్టు దగ్గర దొరికిపోయాడు. చేతిలో జిలేబీ.

"ఏటి మావా ఇది?"

"ఇన్ని సుట్లున్నాయి గదే, మొదలెక్కడో సూత్తన్నాను."

నీలమ్మ నవ్వలేదు. బజారని కూడా చూడకుండా ఏడ్చేసింది.

"రేపు నీ కాలు తీసేత్తే, నాను ఎవులితో నడవాల?"

ఆ మాటకు పైడయ్య చేతిలో జిలేబీ కిందపడింది.

మర్నాడు శిబిరంలో క్యూ చాంతాడంత ఉంది. నర్సు కెజియా ముందు నిలబడి నీలమ్మ మొగుడి నేరమంతా ఏకరువు పెట్టి, నాలుగు చీవాట్లు పెట్టమంది. పైడయ్య బుద్ధిగా వేలు చాచాడు. కెజియా ఆ వేలు పక్కకు నెట్టి, నీలమ్మ చెయ్యి అందుకుంది. సూది గుచ్చింది. మిషన్ మీద అంకె చూసి నవ్వింది.

"బాగా తగ్గింది, నీలమ్మప్పా."

"నాదెందుకు సూసినావు? ఆయనది సూడు."

కెజియా పైడయ్య వైపు చూసింది. క్యూ మొత్తం అటే చూసింది. పైడయ్య తల గోక్కుని, అందరికీ వినబడేలా చెప్పేశాడు.

"షుగరు నాకెక్కడిదే, అది నీది; నీకని సెప్తే నీ ఒక్కదాని కోసం వేరే వండుకుంతావేటి?"