వంటింటి గుమ్మంలో పిండి

"రాత్రిళ్ళు పిల్లి ఎంత అరిచినా లేచి తిండి పెట్టకండి. పెట్టారో, ఇక మిమ్మల్ని నిద్రపోనివ్వదు," అన్నాడు పశువుల డాక్టరు. నేనూ మావారూ సరేనన్నాం.

అయినా తెల్లారేసరికి దాని గిన్నెలో తిండి ఉంటోంది. ఆయనది వెన్నలాంటి మనసు. అడిగితే నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశారు. నమ్మడానికి నేనేమైనా పిచ్చిదాన్నా?

నిన్న వంటింటి గుమ్మంలో పిండి చల్లి, కాళ్ళు కడుక్కుని పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే ఆయన తడిగుడ్డతో గబగబా నేల తుడిచేస్తున్నారు.

"దొరికారా! ఇన్నాళ్ళూ నాతో అబద్ధాలా?"

"నేనేలే," అన్నారు తలెత్తకుండా. "ఇంకెప్పుడూ పెట్టను."

గెలిచిన హుషారులో వెళ్ళి పక్క దులిపాను. ఆయన వైపు శుభ్రంగానే ఉంది. నా వైపు, కాళ్ళ దగ్గర, దుప్పటి నిండా పిండి.