అవునని నొక్కాక

"ఈ ప్రోగ్రాం తయారుచేసిందెవరో తెలీదని తెర మీద వస్తోందిరా తమ్ముడూ. అవునని నొక్కితే కొంప మునగదు కదా?"

ఫోన్లో తమ్ముడు నవ్వాడు. "నీకు ఫ్యాను తిరిగినా భయమే అక్కా. కంప్యూటర్ని శుభ్రం చేసే ప్రోగ్రాం అది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి, అంటే పూర్తి పెత్తనం, ఇవ్వందే లోపలి చెత్త దానికి కనబడదు. నొక్కేసి పడుకో."

ఆవిడ నొక్కింది. మొగుడి దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన కూతురు వెనక మంచం మీద నిద్రపోతోంది. ఆ పిల్ల ఇక్కడుందని తమ్ముడికి తప్ప మరో ప్రాణికి తెలియదు. వాడు తోడబుట్టినవాడు.

ఫోన్ పెట్టేసి ఆవిడ లేవబోతుండగా, మౌస్ ముట్టుకోకుండానే తెర మీద బాణం గుర్తు కదిలింది. కెమెరా పక్కన చిన్న దీపం వెలిగింది. తెరలో ఆవిడ ముఖం, దాని వెనక మంచం కనిపించాయి. బొమ్మ మెల్లగా పెద్దదైంది. ఆవిడ ముఖం పక్కకు జరిగిపోయింది. నిద్రపోతున్న కూతురి ముఖమే మిగిలింది.

ఆవిడ చేతికందిన తువ్వాలు కెమెరా మీద కప్పి, తమ్ముడికి ఫోన్ చేసింది. అవతల ఎత్తారు.

"ఒరేయ్, ఏం పెట్టించావురా నా చేత? ఎవరికి చెప్పావు?" గుసగుసగా అడిగింది.

అవతల ఎవరో నిదానంగా ఊపిరి తీస్తున్నారు. అది తమ్ముడిది కాదు. వాడి ఉబ్బసపు పిల్లికూతలు వెనకెక్కడో, గది ఆ చివర నుంచి వినబడుతున్నాయి.

అంతలో అల్లుడి గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా పలికింది.

"ఆ తువ్వాలు తీయండి అత్తయ్యా. మంచం కిర్రుమంది, లేచినట్టుంది."