అమ్మవారు ఒప్పుకుంటే

కారు కింద నుంచి కోదండరాం తల బయటికి పెట్టేసరికి ఇంద్రజమ్మ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

"ఎట్టుండాది నాయనా, మా బండి?"

"బండి బంగారం పెద్దమ్మా. బ్రేకులే బాగలేవు. వెనక చక్రంలో రబ్బరు అరిగి ఆయిలు కారతాంది. ఇట్నే రోడ్డెక్కితే అంతే సంగతులు."

"అయ్యో! అయితే కొనవా?"

"కొనకేం! నా పనే అది గదా. ఇప్పుడే మార్చేస్తా ఉండండి."

అది అతని పనేనని ఇంద్రజమ్మకు తెలుసు. ఫోన్లో ఆమె అడిగిన మొదటి మాటే "ఏం పని చేస్తావు నాయనా?" అని. ఎన్నూరులో బ్రేకుల షెడ్డు ఉందనగానే "అయితే ఆదివారమే రా" అంది. ఎంతిస్తావని మాటవరసకైనా అడగలేదు. పాతకాలం మనిషి, మర్యాద తెలిసినావిడ అనుకున్నాడు కోదండరాం.

1954 మోరిస్. జార్జి టౌన్ సందులో, వక్కల గోడౌను పక్కన రేకుల షెడ్డులో ఉంది. నల్ల రంగులో ముఖం చూసుకోవచ్చు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఇలాంటి బండి కోసం పదిహేనేళ్లుగా కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడతను. ఈసారి కారులోనే ఇంటికొస్తానని భార్య హైమకు చెప్పి మరీ బయల్దేరాడు. బస్సులో వచ్చింది కూడా అందుకే.

తన సంచిలోని రబ్బర్లే వేసి, తన డబ్బాలోని ఆయిలే పోసి, రెండు గంటల్లో బ్రేకులు బిగించాడు. చేతులు కడుక్కునేసరికి ఇంద్రజమ్మ పట్టుచీర కట్టుకుని, పూలసజ్జతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"తిరువొత్తియూరు గుడికి పోదాం పద. బండి ఎట్ట పోతాదో నువ్వూ చూసుకున్నట్టుంటాది. ఆడ పూలు పెట్టి అడగాల. అమ్మవారు సరే అంటేనే అమ్మేది. మా విఘ్నేష్‌కీ అదే చెప్పినా."

"మీ అబ్బాయికి అమ్మడం ఇష్టం లేదా?"

"వాడికా! షెడ్డు ఖాళీ అయితే వక్క మూటలేసుకోవచ్చంట. ఊరికే పడుంటే పాత ఇనుముకి తూకానికి వేసేస్తానంటాడు. కొనేవాళ్లు వస్తా ఉన్నంతకాలం ఆగమని చెప్పినా."

పాత ఇనుము అనగానే కోదండరాం గుండె కలుక్కుమంది. ఎట్లాగైనా ఈ బండిని తనే తీసుకుపోవాలి.

పూలు పెట్టి అడగడమంటే పెద్ద తతంగమేమీ కాదు. ఒక ఆకులో తెల్ల గన్నేరు, ఇంకో ఆకులో ఎర్ర గన్నేరు పెట్టి దారంతో కడతారు. రెండు పొట్లాలూ అమ్మవారి పాదాల దగ్గర ఉంచి, ఎవరైనా చిన్నపిల్లను ఒకటి తీయమంటారు. తెల్లదొస్తే సరే, ఎర్రదొస్తే వద్దు. ఆ చుట్టుపక్కల తెలుగిళ్లలో పెళ్లి సంబంధాలే దీనిమీద ఖాయమవుతాయి, కారెంత! ఇంద్రజమ్మ పొట్లాలు ఇంటి దగ్గరే కట్టి తెచ్చుకుంది.

తోపుడు బళ్లను తప్పించుకుంటూ సందు దాటి, రాయపురం మీదుగా పెద్ద రోడ్డెక్కింది మోరిస్.

"మా మామగారు కొన్నారు దీన్ని," అంది ఇంద్రజమ్మ. "నెల్లూరు నుంచి కొత్తకోడలిగా వచ్చి సెంట్రల్లో దిగితే దీంట్లోనే తీసుకొచ్చినారు. ఆస్పత్రికి పోతా ఉంటే, ఈ వెనక సీట్లోనే పుట్టినాడు విఘ్నేష్. వాడే అమ్మెయ్యమంటాడు చూడు! మా ఆయన నన్ను స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. పక్కన కూర్చోబెట్టుకుని హారను మాత్రం కొట్టనిచ్చేవాడు."

"అయితే ఇప్పుడు కొట్టండి పెద్దమ్మా!"

ఆమె సిగ్గుపడుతూనే చెయ్యి చాచి కొట్టింది. కంటైనర్ లారీల మధ్య తిరువొత్తియూరు దాకా కొడుతూనే ఉంది. అంత ఆనందంగా హారను కొట్టే మనిషిని కోదండరాం ఎక్కడా చూడలేదు.

"ఇంతకుముందు ఎవురైనా అడిగినారా పెద్దమ్మా?"

"అడక్కేం! పోయిన నెల సీట్లు కుట్టే ఆయనొకడు వచ్చినాడు. చిరుగులన్నీ ఆయనే కుట్టిపెట్టినాడు, పాపం. అమ్మవారే ఒప్పుకోలా."

"అయ్యో పాపం," అన్నాడు కోదండరాం. లోపల మాత్రం అమ్మవారికి వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు.

గుడిలో పూజారి రెండు పొట్లాలూ పాదాల దగ్గర ఉంచాడు. తల్లితో వచ్చిన ఓ చిన్నపాప ఒకటి తీసి ఇచ్చింది. కోదండరాం దారం విప్పాడు.

ఎర్ర గన్నేరు.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకొక్కసారి అడుగుదామా పెద్దమ్మా?"

"తప్పు నాయనా! ఆమెని రెండోసారి అడగగూడదు." ఇంద్రజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీ చేతుల్లో పెడితే బాగుండేదే. మన చేతుల్లో ఏముండాది?"

ఆమె ప్రదక్షిణలకు వెళ్లింది. పూజారి మిగిలిన పొట్లాన్ని కుంకుమతోపాటు కోదండరాం చేతిలో పెట్టాడు. కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

వెనక్కి తీసుకొచ్చి కారును షెడ్డులో పెట్టాక, గుడ్డతో ఒకసారి తుడిచాడు. వదల్లేక కాసేపు బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"బ్రేకులు ఆర్నెల్లకోసారి చూపించుకోండి పెద్దమ్మా."

"అట్నే నాయనా. సల్లగుండు."

ఎన్నూరులో బస్సు దిగి ఇంటికి చేరేసరికి హైమ గుమ్మంలోనే ఉంది. వీధి చివరిదాకా చూసింది.

"ఏదయ్యా కారు?"

"అమ్మవారు వద్దనింది." చెప్పులు విప్పి అరుగు మీద కూలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. "ఆ తల్లికే ఇష్టం లేకపోతే ఎవుర్నని ఏం లాభం? ఇదుగో, పాదాల దగ్గర పెట్టింది, దేవుడి దగ్గరుంచు. ఆ పాప ఈ పొట్లం తీసుంటే బండి మనదే అయ్యేది."

హైమ దారాన్ని పంటితో కొరికి ఆకు విప్పింది.

అందులోనూ ఎర్ర గన్నేరే ఉంది.