రెండో రిమోట్

హాల్లో మళ్లీ నవ్వాడు.

వంటగదిలో పాలసీసా కడుగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. పొద్దుట్నుంచి తనతో ఆయన మాట్లాడింది రెండే మాటలు. పాలపొడి అయిపోయిందా? తువ్వాలేది? ఆ నవ్వు మాత్రం ఇంకెవరికో.

“ఎడంపక్క నుంచి రా... ఆఁ, అలాగ! అబ్బా, నువ్వు లేకపోతే నేనేమైపోదును!”

ఆమెకి ఒళ్లు మండిపోయింది. తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. టీవీలో ఎర్రజడ పిల్ల ఒకతి గాల్లోకి ఎగిరి, గొడ్డలి పట్టుకున్న ఆయన బొమ్మ మీదికొస్తున్న రాక్షసుణ్ని ఒక్క వేటుకి నరికేసింది. సోఫాలో ఆయన మొహం వెలిగిపోయింది. పాపకి మొదటి పన్ను వచ్చినప్పుడు కూడా అంత వెలగలేదు.

“ఎవరండీ అది?”

ఆయన హెడ్‌ఫోన్‌ ఒక చెవి మీంచి జరిపాడు. “ఎవరో. ఆన్‌లైన్‌లో దొరికారు.”

“ఆడా, మగా?”

“బొమ్మకి ఆడేంటి, మగేంటి బుజ్జీ!”

బొమ్మ సంగతి ఎవరడిగారు? ఆమె అడిగింది ఆడిస్తున్న చేతుల సంగతి. ఆయన ఆ మనిషిని ఏ పేరూ పెట్టి పిలవడు. ఒరేయ్ అనడు, ఏమే అనడు. తను రాగానే గొంతు తగ్గిస్తాడు. ఏమీ లేకపోతే ఇన్ని జాగ్రత్తలెందుకు?

పెళ్లైన కొత్తలో ఇలా లేదు. టీవీ తెర అడ్డంగా రెండు సగాలయ్యేది. పైసగం ఒకరిది, కిందిసగం ఒకరిది. ఒకే సోఫా, రెండు రిమోట్లు, మోచేతి పోట్లు. “నా సగంలోకి తొంగిచూడకు” అని దెబ్బలాట. హాలు కూడా ఇంత ఇరుకుగా ఉండేది కాదు. అప్పుడు ఆయన నవ్వితే ఎవరితో నవ్వుతున్నాడో కళ్లెదుటే కనిపించేది.

“నాకూ నేర్పండి. ఇద్దరం కూర్చుని ఆడదాం” అంది, వచ్చి పక్కన కూర్చుంటూ.

సోఫాకి ఒకవైపే చెయ్యి ఉంది. రెండోవైపు గోడకి ఆనించి ఉంటుంది. ఎంత చోటున్నా ఆయన ఆ గోడని అంటుకునే కూర్చుంటాడు.

“ఇందులో కుదరదు. కొత్త ఆటల్లో తెర రెండు ముక్కలు చేసే ఏర్పాటే తీసేశారు. ఒక తెరకి ఒకే మనిషి. రెండోవాళ్లు వాళ్లింట్లో కూర్చుని ఆడుకోవాల్సిందే.”

“అయితే పాత ఆటే పెట్టండి. రెండో రిమోట్ ఏది?”

“అదా... ఇచ్చేశా.”

“ఎవరికి?”

టీవీలో ఎర్రజడ పిల్ల ఆయన కోసం ఆగి, చెయ్యి ఊపుతోంది.

ఇంతలో లోపల పాప ఏడుపందుకుంది.

“తడిపినట్టుంది. ఈసారి మీ వంతు” అంది ఆమె, కదలకుండా.

ఆయన గొణుక్కుంటూ లేచాడు. హెడ్‌ఫోన్ సోఫాలో పడేసి గదిలోకి వెళ్లాడు. ఆయన వీపు కనుమరుగయ్యిందో లేదో, ఆమె దాన్ని తీసి చెవులకి తగిలించుకుంది.

అవతల ఎవరో మెల్లగా ఊపిరి పీలుస్తున్నారు.

ఉన్నట్టుండి ఖంగుమని గిన్నె కిందపడిన చప్పుడు. వెంటనే ఆడగొంతు, “ఛీ, పాడు గిన్నె!”

ఆమె హెడ్‌ఫోన్ లాగేసింది. అయినా గిన్నె గిరగిరా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, గోడలోంచి.

గోడవతలావిడ!

బట్టల తీగ దగ్గర మొదలైన గొడవ. అప్పట్నుంచి మాటల్లేవు. ఆ ఇంటివాళ్లతో ఇక పలకనని ఆయన తన చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఆవిడది మొదట్నుంచీ అంతే, అన్నింట్లో తనకంటే ఒకడుగు ముందు. ఆవిడ జుట్టు ఒత్తు. ఆవిడ పిల్లాడు ముందే నడిచాడు, తన పాప ఇంకా పాకుతూనే ఉంది. పాప కాళ్లు బలంగానే ఉన్నాయా అని తను నిద్ర మానుకుని నొక్కి చూసుకుంటుంటే, ఆవిడ ఇక్కడ ఈ ఆటలాడుతోందా!

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచి, ఆ తలుపు దబదబా బాదింది.

ఆవిడ తలుపు తీసింది. చేతిలో సొట్టపడిన గిన్నె. ఏడాది కిందటి వరకూ పిలుచుకున్న పిలుపు ఇద్దరి నోటా రాలేదు.

“ఏంటిలా వచ్చావ్?”

“మా ఆయన్ని వదిలెయ్.”

“ఏంటీ?”

“ఏమీ ఎరగనట్టు మాట్లాడకు. నీ గొంతు నా చెవులతో విన్నా. ఆ ఎర్రజడ ఎవరో తెలిసిపోయింది.”

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. గిన్నె గుండెకి ఆనించుకుంది. “ఎర్రజడా? అవతల గొడ్డలి పట్టుకుని ఆడేది... మీ ఆయనా?” అంది. “ఎవరో మాయలాడి అనుకుని నెల్లాళ్లుగా నేను ఏడుస్తున్నాను కదే!”

ఆవిడ పక్కకి తప్పుకుంది.

లోపల, ఒకప్పటి తమ సోఫా రెండో ముక్కలో, వేరుపడిన రోజు తను పట్టుబట్టి హాలు మధ్యలో కొట్టించిన చెక్కగోడకి భుజం ఆనించి, రెండో రిమోట్ రెండు చేతుల్లో పట్టుకుని, “అన్నయ్యా, ఎక్కడికెళ్లావ్?” అంటూ కూర్చునున్నాడు ఆమె మరిది.