పైకి చేసిన ప్రార్థన

“చనిపోతున్నాను. నా కోసం ప్రార్థించండి,” అంది వీడియో కాల్‌లో టీచరు పోర్చుగీసులో, రోగిలా నటిస్తూ, మూలుగుతూ.

భాషా పరీక్షల్లో ఇదే ఆఖరిది. తప్పితే, పోర్చుగీసు మాట్లాడే మొజాంబిక్‌లోని మిషన్ ఆసుపత్రికి వెళ్లడం ఉండదు. కాగజ్‌నగర్ నర్సు, నలభై ఏళ్ల సలోమి జవాబు కోసం వెతుక్కుంది. ఏడాదిగా బట్టీపట్టిన పెద్దపెద్ద మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఒక్క నిమిషం,” అని ఫోన్ బోర్లించింది.

“ఏమైంది బిడ్డా?” అంది పక్కనే ఉన్న తల్లి చంద్రవ్వ.

“భయమైతుందవ్వా. అక్కడ నిజంగనే ఎవరన్న సచ్చిపోతుంటే గిట్లనే నిలబడిపోత.”

చంద్రవ్వ బిడ్డ చేతులు పట్టుకుంది. “ముప్పయ్యేండ్ల సంది చర్చికి పోతున్న. ఒక్కనాడన్న పైకి ప్రార్థన చేసిన్నా? పాస్టరు లెక్క బైబిల్ మాటలు రావు, నవ్వుతరని భయం. ఇయ్యాల చేస్త.”

కళ్లు మూసుకుంది. “అయ్యా, నా బిడ్డ పరేషాన్‌ల ఉన్నది. జర పక్కన ఉండు.”

తల్లి నోట ప్రార్థన వినడం సలోమికి అదే మొదలు. ఫోన్ తిప్పి, వచ్చీరాని పోర్చుగీసులో అంది: “అయ్యా, ఈమెకు భయంగా ఉంది. పక్కన ఉండు.”

టీచరు మూలగడం మరిచిపోయి, నిజంగానే కళ్లు మూసుకుంది.