మిగిలిన పన్నెండు పేజీలు

ఎర్ర రిబ్బను మళ్లీ జరిగింది.

లైబ్రేరియన్ పేజీ నంబరు మళ్లీ చూసుకుంది. ఆమె భర్త కొండకి బయల్దేరిన రోజు ఆ రిబ్బను నూట ఇరవయ్యో పేజీలో ఉంది. నిన్న చూస్తే రెండొందల ఒకటి. ఇవాళ రెండొందల ముప్ఫై ఆరు. పుస్తకం మొత్తం రెండొందల నలభై ఎనిమిది పేజీలు. ఇంక పన్నెండే మిగిలాయి.

"ఎవరో తీసి చూసుంటారమ్మా" అన్నాడు అటెండరు, దూరంగానే నిలబడి.

"ఆ అర జోలికి ఎవరూ వెళ్లరని నీకు తెలీదా?"

అతనికీ తెలుసు. అది పర్వతారోహకుల సంఘం లైబ్రరీ. కొండెక్కబోయేవాళ్లు, తమకంటే ముందు ఎక్కినవాళ్లు రాసుకున్న అనుభవాల పుస్తకం ఒకటి తీసి, సగం చదివి, రిబ్బను పెట్టి, గుమ్మం పక్క అరలో వదిలి వెళ్తారు. మిగతా సగం చదవడానికైనా మనిషి తిరిగి వస్తాడని వాళ్ల నమ్మకం. ఒకసారి ఎవరో పొరపాటున ఒకతని పుస్తకం చివరిదాకా చదివేశారు. అతను దిగి రాలేదు. అప్పట్నించీ ఆ అర దులపడానికి కూడా అటెండరు ఒప్పుకోడు.

"ఇలాంటివి నేను నమ్మను" అంది ఆమె. అంటూనే ఫోన్ నంబరు నొక్కింది.

కొండ కింద ఆఫీసువాడు ఎత్తాడు. "రెండ్రోజులుగా మంచు తుపానమ్మా. గుంపుగా వెళ్లినవాళ్లు దిగారు. ఒంటరిగా వెళ్లినవాళ్లెవరూ దిగలేదు."

ఆయన ఎప్పుడూ ఒంటరిగానే వెళ్తాడు. మూడు కొండలు అలాగే ఎక్కాడు, మూడు పుస్తకాలు రాశాడు. 'ఏం చదవమంటారు?' అని అడిగినవాళ్లందరి చేతిలోనూ ఆమె ముందుగా ఆయన మొదటి పుస్తకమే పెడుతుంది. ఎడమకాలి రెండు వేళ్లని మంచు ఎలా కొరుక్కు తిన్నదో చెప్పే ఐదో అధ్యాయం చదివి కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. ఆమె అయితే ఆ అధ్యాయం చదివే ఆయన్ని పెళ్లి చేసుకుంది.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

"బయట తాళం వేసుకుని నువ్వు భోజనానికి వెళ్లు. నేను లోపలే ఉంటా" అంది అటెండరుతో.

"ఒక్కరే ఎందుకమ్మా?"

"ఆ పన్నెండు పేజీల కోసం ఎవరొస్తారో చూడాలి."

"మనిషైతే ఫర్వాలేదు" అని గొణిగి, అతను గబగబా తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె నిఘంటువుల బీరువా వెనక నక్కి కూర్చుంది. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. పావుగంట గడిచింది.

నెత్తిమీద కిర్రుమంది. అటక తలుపు తెరుచుకుంది. మడత నిచ్చెన మెల్లగా కిందికి జారింది. పాత పత్రికలు పడేసే అటక అది. నిచ్చెన చూస్తేనే కళ్లు తిరిగే ఆమె ఇక్కడ చేరాక ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు.

పై మెట్టు మీద ఒక పాదం ఆనింది. ఎడమ పాదం. దానికి రెండు వేళ్లు లేవు.

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. అయిపోయింది, ఆయన మంచు కిందే ఉండిపోయాడు, సగంలో వదిలిన పుస్తకం కోసం ఇలా వచ్చాడు అనుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. అడుగులు గుమ్మం వైపు వెళ్లాయి. అర తలుపు చప్పుడైంది. ఆ వెంటనే పెద్ద తుమ్ము.

పోయినవాళ్లు తుమ్మరు. ఆమె లేచి నిలబడింది.

"ఏమండీ."

ఆయన చేతిలోంచి పుస్తకం కిందపడింది. చంకలో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు, గడ్డం నిండా బూజు.

"నువ్వు భోజనానికి వెళ్లలేదా?"

"మీరు కొండకి వెళ్లలేదా?"

ఆయన తల దించుకున్నాడు. "అటక వరకైతే ఫర్వాలేదు. ఆపైన నాకు కళ్లు తిరుగుతాయి. ఈ పుస్తకం రాసినాయన తుపాను సంగతి బాగా రాశాడు. నాలుగో పుస్తకానికి పనికొస్తుందని..."

ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని బావురుమంది. చేతులు వెచ్చగా ఉన్నాయి. మనిషి బతికున్నాడు, అంతే చాలు. ఏడుపు కాస్త తగ్గాక అడిగింది.

"అయితే ముందు మూడూ?"

ఆయన అటక వైపు చూశాడు.

ఆమె చూపు ఆయన పాదం మీదికి దిగింది. అదొక్కటైనా నిజమైతే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది.

"మరి మంచు కొరికిన ఆ వేళ్లు?"

ఆయన నిచ్చెన మడత దగ్గర ఒకసారి తడిమి, చిన్నగా అన్నాడు.

"దీన్ని పైకి లాక్కునేటప్పుడు కాలు కాస్త దూరంగా పెట్టుకోవాలి. మొదటిసారి నాకు తెలీలేదు."