ఎర్ర స్విచ్చు

కోరుట్ల రిపేరు దుకాణంలో జలపతి కంప్యూటర్ వెనకవైపు చూపించాడు.

"గీ ఎర్ర స్విచ్చు నూటపదిహేను వోల్టుల మీదుంది, చెల్లె. మన కరెంటు రెండువందల ముప్పై. ఆన్ చెయ్యంగనే షార్టయింది."

"నేను ముట్టుకోలే అన్నా," అంది నవ్య.

"దానంతటది జరగదు. ఎవలో స్క్రూడ్రైవర్‌తోని జరిపిండ్రు."

నిన్న జర్మనీ నర్సు ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష రాద్దామని నవ్య ఆన్ చేయగానే కంప్యూటర్ ఠప్పున ఆగిపోయింది. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టేది ఒక్కడే. దుబాయిలో ఇరవై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసొచ్చిన తండ్రి రాజలింగం.

నవ్య పక్కనే ఉన్న తండ్రివైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు.

"పరాయి దేశంల ఒంటరి బతుకు ఎట్లుంటదో నాకెరుక, బిడ్డా."

"పరీక్ష మంచిగ రాయాలని మొన్న కొండగట్టుకు నువ్వే తోల్కపోయినవ్. అంజన్న ముంగట ఏమని మొక్కినవ్, బాపూ?"

రాజలింగం బయటికి వెళ్లి బండి స్టార్ట్ చేశాడు. నవ్య ఆయన బండి ఎక్కకుండా బస్టాండు వైపు నడిచింది.